ఆరు తీగల అడుగు

పాట బాగుంటే పాడినావిడను మెచ్చుకుంటారు. బాగోకపోతే మైకు వాణ్ణి తిడతారు. బేస్ గిటార్ వాయించేవాడొకడు స్టేజీ మీద ఉన్నాడని చాలామందికి ఫోటోలు చూసుకున్నాకే తెలుస్తుంది. అక్క పాడే బ్యాండులో ఇరవై రెండేళ్ళుగా ఆ ఫోటోల అంచున నిలబడ్డవాడు ఆమె తమ్ముడు. దీని మీద అతనికి ఫిర్యాదేమీ లేదు. తనను చూడకపోయినా ఫరవాలేదు, అక్కను చూస్తే చాలనుకునే రకం.

బేసును అక్క ఏనాడూ బేస్ అనలేదు. పాటకు అడుగున ఉండేది కాబట్టి "అడుగు" అనేది. "అడుగు వెయ్యరా" అంటే మొదలుపెట్టమని. "అడుగు తడబడుతోంది" అంటే తాళం జారుతోందని. "అడుగంటుతోందిరోయ్" అంటే మరీ మోత మోగిస్తున్నావు, మంట తగ్గించమని. వినీ వినీ బ్యాండులో వాళ్ళకీ అదే అలవాటై, చివరికి మనిషి పేరే అడుగైపోయింది. బ్యాంకులో సంతకం పెట్టేటప్పుడు తప్ప సొంత పేరు అతనికే గుర్తుండేది కాదు.

అతని తొమ్మిదో ఏట అమ్మ పోయింది. అప్పటికి అక్కకు పంతొమ్మిది. ఆమె పాడి తెచ్చినదానితో అతను చదువుకున్నాడు, ఆ చదువును మధ్యలో వదిలేసి గిటారు పట్టుకున్నాడు. అక్క నెత్తీ నోరూ బాదుకుని, రెండు రోజులు మాట్లాడటం మానేసి, మూడో రోజు తన పాటల నోటుబుక్కు అతని ముందు పడేసింది. "చదువు ఎలాగూ అబ్బలేదు, కనీసం ఇదైనా సరిగ్గా చదువు" అంది.

పోయినేడు అక్క గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి తీశారు. ప్రమాదమైనది కాదని తేలడంతో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. స్వరపేటికను కదిలించే సన్నని నరమొకటి అలిసిపోయింది, ఆరు నెలలు చూద్దాం అన్నాడు డాక్టరు. ఆరు దాటి ఎనిమిదయ్యాయి. మాట వచ్చింది. పాట కూడా వచ్చింది కానీ మేడ మీద కాపురం వదులుకుని కింది వాటాలోకి దిగిపోయింది. పాత శ్రుతిలో సా ఉన్న చోటి నుంచి కింది పా దాకా పాటను దించితే తప్ప ఆమెకు చరణం అందడం లేదు.

కీబోర్డాయనకు ఇదొక సమస్యే కాదు. "దానికేముంది, మీట నొక్కితే దిగిపోతుంది" అన్నాడు. బేసుకు మీట లేదు. నాలుగు తీగల్లో లావుతీగను వట్టిగా మీటితే వచ్చేదే అన్నిటికన్నా కింది స్వరం. దానికి కింద ఏమీ లేదు. పోనీ అని తమ్ముడు అవే స్వరాలను పైస్థాయిలో వాయించి చూశాడు. దిగివచ్చిన అక్క గొంతూ, ఎక్కివచ్చిన బేసూ ఇరుకు సందులో ఎదురుపడ్డ రెండు బళ్ళలా తయారయ్యాయి. అక్క రెండు లైన్లు పాడి ఆపేసి, "నువ్వు కింద ఉంటేనే నాకు బాగుంటుందిరా" అంది. అన్నది అంతే. అతను మాత్రం ఆ మాట పట్టుకుని మర్నాడు పొద్దున్నే వాయిద్యాలు చేసే మేస్త్రీ దగ్గరికి పరుగెత్తాడు.

మేస్త్రీ షెడ్డులో రంపపు పొట్టు, జిగురు వాసన. గోడకు వేలాడుతున్న వాటిలో ఆరు తీగల బేసొకటి కనబడింది. చేయించుకున్న మనిషి ఊరు మారిపోయి తీసుకెళ్ళలేదట. తమ్ముడు దాన్ని దించి చూసి నోరెళ్ళబెట్టాడు. మెడ మీద మెట్లు అడ్డంగా తిన్నగా లేవు. మధ్యలో ఒక్కటి తిన్నగా ఉండి, అటువి అటు, ఇటువి ఇటు వాలి, విసనకర్ర విప్పినట్టున్నాయి.

"ఇదేంటి మేస్త్రీ, మెట్లన్నీ వంకర? మత్తులో బిగించావా?"

"చూపుకి వంకర, చేతికి తిన్నన. పట్టుకుని చూసి అప్పుడు మాట్లాడు."

పట్టుకున్నాడు. నిజమే, వేళ్ళు సహజంగా ఎలా విచ్చుకుంటాయో మెట్లు అలాగే ఉన్నాయి.

"లావుతీగకి నిడివి కావాలయ్యా" అన్నాడు మేస్త్రీ. "పొట్టిగా కడితే వదులై బురబురమంటుంది. సన్నతీగకి అంత నిడివి పెడితే బిగుసుకుని గీపెడుతుంది. అందుకని ఏ తీగ కొలత ఆ తీగకిచ్చా. మల్టీస్కేల్ అంటారు. ఇంటిల్లిపాదికీ ఒకే సైజు చొక్కా కుట్టిస్తే ఎలా ఉంటుంది? ఇది ఎవరి కొలతకి వాళ్ళకి కుట్టినట్టు."

తమ్ముడి చెయ్యి దానంతటదే అక్క మొదటి పాట ఎత్తుకుంది. ఆ పాట బేసు ఒక్కదానితో మొదలవుతుంది. నాలుగు ఆవర్తాలు, అన్నీ లావుతీగ మీదే. ఇరవై రెండేళ్ళ అలవాటుతో బొటనవేలు అన్నిటికన్నా పైనున్న తీగ దగ్గరికి వెళ్ళింది. ఆరు తీగల బేసులో పైనున్నది పాత లావుతీగ కాదు, దానికన్నా లావైన కొత్త తీగ. దాంతో పాట మొత్తం సా నుంచి కింది పాకి దిగి మోగింది. కచ్చితంగా అక్క గొంతు ఇప్పుడున్న చోటికి. షెడ్డు రేకులు జుమ్మన్నాయి. తమ్ముడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తప్పు తీగ పట్టుకుంటే ఒప్పు పాట వచ్చిందే అని నవ్వుకున్నాడు.

"కింది స్వరాల తీగ ఒక్కటే కావాలంటే అయిదు తీగలది చాలుగా?" అన్నాడు మేస్త్రీ.

"ఆరోది కూడా కావాలి. అక్క పైన పాడే ఆలాపనలు ఇప్పుడు ఖాళీ కదా. అవి నేను సన్నతీగ మీద వాయిస్తా."

అన్నీ ఆలోచించాడు. కింద ఎంత కావాలో, పైన ఎంత పోయిందో కొలిచి మరీ తెచ్చుకున్నాడు. ఎటొచ్చీ "అడుగు" అన్న మాటకు కింది భాగమనీ, వేసే అడుగనీ మాత్రమే కాక, ఎదుటి మనిషిని అడగమనే అర్థం కూడా ఉంది. అది మాత్రం ఆ మహానుభావుడికి తట్టలేదు. దించిన శ్రుతిలో అక్క చేత మళ్ళీ పాడించడానికి బ్యాండు ఒప్పుకుంది, బావ ఒప్పుకున్నాడు, అక్క ఏటా పాడే బట్టల మిల్లు వాళ్ళ వార్షికోత్సవానికి తేదీ కూడా కుదిరింది. అక్కకు అన్నీ కుదిరాక చెప్పారు. ఆమె అందరి ముఖాలూ ఒకసారి చూసి "సరే" అంది.

ఇంకా మూడు నెలల గడువుంది. ఈలోగా మిగతా ప్రోగ్రాములకు కాలేజీ అమ్మాయి ఒకతె పాడుతోంది. ఆమెది పాత శ్రుతే. అక్కడే తమ్ముడికి చిక్కొచ్చింది. చెయ్యి ఊరుకోదు, అలవాటుగా పైతీగకే పోతుంది. పోయినప్పుడల్లా పాట నూతిలో పడ్డట్టు అయ్యేది, ఆ పిల్ల బెదిరిపోయి వెనక్కి చూసేది. రెండు ప్రోగ్రాముల్లో పరువు పోయాక అతను పంతం పట్టాడు. తన గదిలో గోడకేసి కూర్చుని, కళ్ళు మూసుకుని, "పైనుంచి రెండోది, పైనుంచి రెండోది" అని జపం చేస్తూ బొటనవేలిని పైతీగ మీద ఆనించి, దాని కింది తీగను మీటడం సాధన చేశాడు. నెల తిరిగేసరికి నిద్రలో లేపినా చెయ్యి రెండో తీగ మీదే వాలేటట్టు చేశాడు. పాత అలవాటును చంపడం అంత తేలిక కాదు, అతను చంపాడు. ఆ మూర్ఖత్వమే అతని కొంప ముంచింది.

అక్కతో రిహార్సల్సు టైర్ల కొట్టు మీది గదిలో జరిగేవి. అక్కడ అక్క ఎదురుగా ఉండేది కాబట్టి ఆమె ముఖం చూసి పైతీగ గుర్తు తెచ్చుకునేవాడు. అక్క కళ్ళు మూసుకుని కింది శ్రుతిలో పాడితే, కింద టైర్లు మార్చే వాళ్ళు సుత్తి ఆపి వినేవారు. ఆ గొంతు మెత్తగా, బరువుగా, పొద్దుగూకే వేళ వినే మాటలా ఉండేది. బ్యాండు వ్యాను నడిపే బావ జీవితంలో పట్టుమని పది మాటలు ఒక్కసారి మాట్లాడిన మనిషి కాదు. ఆయన కూడా మెట్ల మీద కూర్చుని, "బాగుంది, చాలా బాగుంది" అని రెండుసార్లన్నాడు. చరణం ముందు ఆలాపన వచ్చే చోట తమ్ముడు సన్నతీగ మీద అక్క పాత ఆలాపనను గమకాలతో సహా వాయించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం మైకు కింద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి మంచినీళ్ళు తాగింది. పొంగిపోయింది కాబోలు అనుకున్నాడు తమ్ముడు.

మిల్లు వాళ్ళ హాలు నిండిపోయింది. అక్క అక్కడ పద్దెనిమిదేళ్ళు పాడింది. మగ్గాల మోతలో పనిచేసే వాళ్ళకు ఆ ఒక్క సాయంత్రం పాట వినడం అంటే ప్రాణం. పదకొండు నెలల తర్వాత మళ్ళీ మన మధ్యకు అని ప్రకటించగానే కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు, లేచి నిలబడ్డారు. అక్క స్టేజీ ముందుకు నడిచి వాళ్ళకు నమస్కారం పెట్టింది. ఇప్పుడు ఆమె ముఖం అటు, వీపు ఇటు. లైటు తమ్ముడి కళ్ళలో కొడుతోంది. చప్పట్లు ఆగాయి. అక్క తల తిప్పకుండానే, "అడుగు వెయ్యరా" అంది.

అతను తీగల మీదికి చెయ్యి తెచ్చాడు. తప్పు తీగ పట్టుకోకూడదు, తప్పు తీగ పట్టుకోకూడదు అనుకున్నాడు. జపం గుర్తొచ్చింది. బొటనవేలు పైతీగ మీద ఆని, వేలు రెండో తీగను మీటింది.

పాత శ్రుతి. పద్దెనిమిదేళ్ళుగా ఆ హాలుకు తెలిసిన శ్రుతి.

మొదటి ఆవర్తం పూర్తయ్యాక గానీ అతనికి తెలియలేదు. తెలిసినా వాయిస్తూనే పోయాడు. ఆపేస్తే సరిపోయేది. "క్షమించండి" అని మళ్ళీ మొదలుపెట్టినా ఎవరూ ఉరితీయరు. కానీ స్టేజీ మీద మొదలైన పాట ఆపకూడదని అక్కే నేర్పింది. రెండో ఆవర్తంలో కీబోర్డాయన చెవి రిక్కించి, అక్క మనసు మార్చుకుందనుకుని, గబుక్కున మీట నొక్కి పాత శ్రుతికి ఎక్కేశాడు. మూడో ఆవర్తంలో డ్రమ్ములు కలిశాయి. నాలుగో ఆవర్తంలో అక్క ఒక్క క్షణం వెనక్కి తిరిగి తమ్ముణ్ణి చూసింది. తర్వాత ముందుకు తిరిగి ఎత్తుకుంది, పైనే.

పల్లవి వచ్చింది. కాస్త జీర ఉన్నా వచ్చింది. హాలంతా ఈలలు వేసింది. ఒక్క నిమిషం తమ్ముడు కూడా నమ్మాడు, అద్భుతాలు జరుగుతాయని. చరణంలో పైకి ఎక్కే చోట అక్క ఊపిరి తీసుకుంది, నోరు తెరిచింది, అక్కడ స్వరం లేదు. గాలి మాత్రం వచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది. బట్ట చిరిగినట్టు ఒక చప్పుడు వచ్చి ఆగింది. ముందు వరసలో ఒకామె తల దించుకుని సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది. మిగిలిన చరణం అక్క మాటల్లా చెప్పింది. పాట ముగిశాక మైకు దగ్గరికి తీసుకుని, "నా గొంతే మొరాయించిందండీ, మన్నించండి" అని నవ్వి, కాలేజీ అమ్మాయికి మైకిచ్చి దిగిపోయింది. ఆడలేక మద్దెల ఓడనే వాళ్ళను లోకం చాలామందిని చూసింది. ఇక్కడ ఓటి మద్దెల తప్పు ఆడే మనిషి నెత్తిన వేసుకుంది.

సామాను సర్దుతూ కీబోర్డాయన దగ్గరికొచ్చాడు. "తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని, అక్క చివరి నిమిషంలో పాత శ్రుతే కావాలందా? కనుసైగ చేసిందా నీకు?"

తమ్ముడు తీగలు తుడుస్తూ, "ఊ" అన్నాడు.

తీగ తప్పడం పొరపాటు. ఆ "ఊ" పొరపాటు కాదు. అది పిరికితనం, అది అతనికీ తెలుసు. మూడు రోజులు గదిలోంచి బయటికి రాలేదు. బేసు పెట్టె మూత తియ్యలేదు. కింది వాటాలో అక్క నడిచే చప్పుడు వినబడితే దొంగలా ఊపిరి బిగబట్టాడు. మింగలేక కక్కలేక అంటారే, ఆ మూడు రోజులూ అతని గొంతులో ఉన్నది అదే.

నాలుగో రోజు ఉదయం బావ పైకొచ్చి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మీ అక్క మానేస్తానని బ్యాండుకి చెప్పేసింది."

"ఎందుకు బావా?"

"దించిన శ్రుతిలో కూడా రాలేదుగా, ఇంకేం మిగిలిందని అంటోంది. నువ్వొచ్చి ఓ మాట చెప్పు. నా మాటలు నాలుగైదు, అవి అయిపోయాయి."

తమ్ముడు గభాలున లేచాడు. దించిన శ్రుతిలో రాలేదట! దించితే కదా రావడానికి! అక్క తన చెవిని తాను నమ్మడం మానేసి, కింది గొంతు కూడా పోయిందనుకుంటోంది. ఉన్న గొంతును తన మూలంగా చేజేతులా పారేసుకుంటోంది. చెప్పులు కూడా వేసుకోకుండా దిగాడు.

అక్క బల్ల ముందు కూర్చుని పాటల నోటుబుక్కులు పరుచుకుని ఉంది. ఒక్కో పాట పైన మూలగా పెన్సిలుతో శ్రుతి రాసి ఉంటుంది. మూడు నెలల కింద ఆ శ్రుతులన్నీ రబ్బరుతో చెరిపి దించి రాసుకుంది. ఇప్పుడు వాటిని మళ్ళీ చెరిపి, కాలేజీ అమ్మాయి కోసం పాతవి రాస్తోంది. కాగితం అక్కడక్కడ అరిగి చిల్లు పడబోతోంది.

"అక్కా, ఆపు. ఆ రోజు నేను తప్పు తీగ పట్టుకున్నా. నువ్వు పాడింది పాత శ్రుతి. కింద నీ గొంతు బాగానే ఉంది. తప్పు నాది. నేను చెప్పలేదు, భయమేసి చెప్పలేదు."

ఒక్క ఊపిరిలో అనేసి తల దించుకున్నాడు. కొడుతుందేమో, కొడితే బాగుండు అనుకున్నాడు.

అక్క రబ్బరు పొట్టును చేత్తో పక్కకు ఊడ్చింది. "తెలుసు" అంది.

"తెలుసా?"

"పద్దెనిమిదేళ్ళు అదే హాల్లో అదే శ్రుతిలో పాడినదాన్ని, మొదటి దెబ్బకే తెలీదట్రా? గొంతు పోయింది కానీ చెవులు పోలేదుగా."

"మరి ఆపొచ్చుగా! తిరిగి చూశావు కూడా. ఒక్క సైగ చేస్తే దించేసేవాణ్ణి."

"సైగ చేద్దామనే తిరిగా." అక్క పెన్సిలు కింద పెట్టింది. "నీ మొహం చూశా, పాలిపోయి ఉంది. ఆపితే నువ్వు దొరికిపోతావు. అది సగం. మిగతా సగం ఏంటంటే, నాకు ఆశ పుట్టింది. నా పాట నా శ్రుతిలో నన్ను పిలుస్తోంది. ఒక్కసారి వెళ్ళి చూద్దాం, ఉందేమో అనిపించింది. వెళ్ళా. లేదు."

తమ్ముడు బల్ల దగ్గరికి జరిగాడు. "కింద ఉంది కదక్కా. ఎంత బాగుంటుందో తెలుసా నీకు? టైర్ల కొట్టువాళ్ళు కూడా పని ఆపుకుని విన్నారు. బావ రెండుసార్లు అన్నాడు."

"బాగుంది. కాదన్నానా? ఎవరో మంచి పాటగత్తె పాడుతోంది, నేను పక్కన నిలబడి వింటున్నా. అలా ఉంటుంది నాకు. ఆవిడంటే నాకు కోపం లేదు. కానీ ఆవిడ నేను కాదురా."

"మరి బావతో దించిన శ్రుతిలో కూడా రాలేదని..."

"అలా చెప్పకపోతే మీరు నన్ను వదులుతారా? ఇంకో తీగ కడతారు."

ఆ మాట అతనికి చెంపదెబ్బలా తగిలింది. అది చూసి అక్క అతని మోచెయ్యి పట్టుకుని పక్క కుర్చీలో కూర్చోబెట్టింది.

"నిన్ను అనడం లేదు. నువ్వు నాకోసం ఎంత చేశావో నాకు తెలీదా? పదకొండు నెలల్నుంచి మీ బావ వేడినీళ్ళు కాస్తున్నాడు. డాక్టరు మందులు మారుస్తున్నాడు. నువ్వు తీగలు పెంచావు. అందరూ ఏదో ఒకటి చేస్తూనే ఉన్నారు. పోయిందే, అయ్యో పోయిందే అని నా పక్కన కూర్చుని ఏడ్చినవాళ్ళు ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు లేరురా. నేనేడిస్తే మీరు బెదిరిపోతారని నేనూ ఏడవలేదు. చచ్చిపోయినదాన్ని ఇంట్లోనే పెట్టుకుని అందరం దానికి మందులు వేస్తున్నాం."

తమ్ముడి నోట్లో చాలా మాటలు సిద్ధంగా ఉన్నాయి. ఇంకో డాక్టరున్నాడనీ, ఇంకా ఏడాది కూడా కాలేదనీ, పోనీ సగం శ్రుతి దించి చూద్దామనీ. అవన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. అక్క ముఖం చూశాక ఒక్కొక్కటే వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ గొంతు పోయిందని అతను కూడా ఇంతవరకు ఒప్పుకోలేదు. ఒప్పుకోవాల్సి వస్తుందనే ఆరు తీగలు మోసుకొచ్చాడు. అతను నేర్చుకున్న మొట్టమొదటి శబ్దం ఆ గొంతు, అది ఇక ఈ లోకంలో లేదు.

"పోయింది కదక్కా" అన్నాడు.

"పోయిందిరా" అంది అక్క. అని నోటుబుక్కు మూసి, దాని మీద తల ఆనించింది.

ముందు ఆమె భుజాలు కదిలాయి, తర్వాత చప్పుడు వచ్చింది. తమ్ముడు ఆమె వీపు మీద చెయ్యి వేసి తనూ వలవల ఏడ్చాడు. ఏం గొడవో అని వంటింట్లోంచి వచ్చిన బావ గుమ్మంలో కాసేపు నిలబడి, కుర్చీ లేక నేల మీదే అక్క పాదాల దగ్గర కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఊరుకోమనలేదు.